ఫ్లూ తగ్గాక తిరగబెట్టే జ్వరం వేరే జబ్బు

సంపాదకులు గారికి,

నమస్కారములు.

తొలకరి పడి నాట్లు మొదలయ్యాక మన గోదావరి జిల్లాల పేజీల్లో జ్వరాల వార్త లేని రోజు ఉండదు. డెంగీ కేసులెన్ని, మలేరియా ఎన్ని, ఎవరికి ప్లేట్‌లెట్లు ఎంతకు పడిపోయాయి, ఏ పంచాయతీలో దోమల మందు కొట్టలేదు అన్నవన్నీ వివరంగా వస్తున్నాయి. అవి రావలసినవే. అయితే అదే వానాకాలంలో ఇంట్లో ఒకరికి వస్తే మిగిలినవారిని కూడా చుట్టబెట్టే ఇన్‌ఫ్లుయెంజా గురించి గాని, అది తగ్గుముఖం పట్టిన కొద్ది రోజులకే ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా చేరి మొదలయ్యే న్యుమోనియా గురించి గాని, ఆ బ్యాక్టీరియా మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగకుండా మొండికేస్తున్న సంగతి గురించి గాని రాయడం చాలా అరుదు. సూక్ష్మజీవశాస్త్ర ప్రయోగశాలలో పనిచేసి రిటైరైన వ్యక్తిగా నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఫ్లూ వచ్చిన మొదటి రోజునే మింగే యాంటీబయాటిక్ ఆ రెండో జబ్బును ఆపదు సరికదా, అది నిజంగా వచ్చేనాటికి మన చేతిలో ఉన్న మందుల పదును పోగొడుతుంది. కాబట్టి తిరగబెట్టిన జ్వరాన్ని కొత్త జబ్బుగా గుర్తించి, మందు మొదలుపెట్టే ముందు రక్తాన్నీ కళ్లెనూ కల్చర్ పరీక్షకు (అందులోని క్రిమిని పెంచి, అది ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్షకు) తీసే ఏర్పాటు డెల్టాలోని ప్రతి ఏరియా ఆసుపత్రిలోనూ ఉండాలి.

ఈ జబ్బు నడిచే తీరు తెలిసినవారికి దాన్ని పోల్చుకోవడం పెద్ద కష్టం కాదు. మొదట ఉన్నట్టుండి చలి, జ్వరం, ఒళ్లంతా విరిచేసినట్టు నొప్పులు, పొడి దగ్గు వస్తాయి. నాలుగైదు రోజులకు జ్వరం జారుతుంది, మనిషి లేచి కూర్చుంటాడు, నోటికి కాస్త రుచి తెలుస్తుంది, కొందరు పొలానికో చెరువు గట్టుకో వెళ్లిపోతారు కూడా. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో, ఒక్కోసారి వారం దాటాక, మళ్లీ వణుకుతో జ్వరం లేస్తుంది. ఈసారి ఊపిరి పీల్చినప్పుడు ఒక పక్క డొక్కలో పోటు, తుప్పు రంగులోనో పసుపుపచ్చగానో కళ్లె, నాలుగడుగులు వేస్తే ఆయాసం ఉంటాయి. మన ఇళ్లలో దీన్ని జ్వరం తిరగబెట్టింది అనుకుని, పథ్యం తప్పారని కసురుకుని, మొదట వాడిన మాత్రలనే మరో మూడు రోజులు వేస్తారు. మొదటి జ్వరం వైరస్ వల్ల వచ్చింది, రెండోది బ్యాక్టీరియా వల్ల. మొదటిదానికి యాంటీబయాటిక్‌తో పని లేదు, రెండోదానికి గంటల లెక్కన సరైన యాంటీబయాటిక్ పడాలి. మనం సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తున్నాం.

ఈ రెండు జబ్బులు ఒకదాని వెంట ఒకటి నడవడం కొత్త సంగతేమీ కాదు. 1892లో రిచర్డ్ ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఫ్లూ రోగుల గొంతులో ఒక బ్యాక్టీరియాను చూసి అదే ఫ్లూకు కారణమని ప్రకటించాడు. మనుషుల్లో ఫ్లూ కలిగించే వైరస్ 1933లో లండన్‌లో బయటపడేదాకా ఆ పొరపాటు చాలామందిని తప్పుదారి పట్టించింది. ఆయన చూసిన క్రిమి అబద్ధం కాదు, వైరస్ వెనకాల వచ్చి చేరిన క్రిమి అది. 1918లో మన దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసిన ఆ మహా ఇన్‌ఫ్లుయెంజాలో చనిపోయినవారి ఊపిరితిత్తుల ముక్కలు కొన్ని అమెరికాలో భద్రంగా ఉన్నాయి. వాటిని అక్కడి శాస్త్రవేత్తలు మళ్లీ పరిశీలించి, ఆ మరణాల్లో అత్యధికం ఫ్లూ వెంట వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియా వల్లనేనని 2008లో ప్రచురించారు. పెన్సిలిన్ వచ్చాక ఈ బెడద తీరిందనుకుంటే అదీ కాదు. 2009లో హెచ్‌1ఎన్‌1 ఫ్లూ వచ్చినప్పుడు అమెరికాలో చనిపోయిన 77 మంది ఊపిరితిత్తుల నమూనాలను పరీక్షిస్తే 22 మందిలో బ్యాక్టీరియా కనబడింది. అదే ఫ్లూ మన దేశంలో మొట్టమొదట ఆ ఏడాది మే నెలలో హైదరాబాదులోనే బయటపడిందని, ఆ రోజుల్లో మాస్కుల కోసం జనం ఎగబడ్డారని మీ పాత పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

ఇంతకీ ఫ్లూ తర్వాతే ఊపిరితిత్తి ఎందుకింత అదును ఇస్తుంది? ఈ ప్రశ్నకు గత ఇరవై ఏళ్లలో దొరికిన జవాబులు వైద్యులకే కాదు, మామూలు పాఠకులకు కూడా తెలియదగ్గవి. మన శ్వాసనాళాల లోపలి గోడ నిండా సీలియా అనే సూక్ష్మ కేశాలు ఉంటాయి. అవి నిరంతరం ఒకే దిక్కుకు కొట్టుకుంటూ, దుమ్మునూ క్రిములనూ పట్టుకున్న జిగటను పైకి, గొంతు వైపుకు నెడుతూ ఉంటాయి. డెల్టాలో మురుగు కాలువ సముద్రం వైపు కదులుతున్నంతకాలం చేలు బాగుండి, మొగ పూడుకుపోయిన ఏడాది చేలన్నీ ముంపులో పడ్డట్టే ఇక్కడా జరుగుతుంది. ఫ్లూ వైరస్ ఎక్కువగా దాడి చేసేది ఆ కేశాలున్న కణాల మీదనే. అవి చచ్చి రాలిపోయాక కింద పొర బయటపడుతుంది, బ్యాక్టీరియా అతుక్కోవడానికి చోటు దొరుకుతుంది, జిగట కదలదు. కణాలు మళ్లీ మొలిచి కేశాలు పనిచేయడానికి వారాలు పడుతుంది. జ్వరం తగ్గినా దగ్గు అంత త్వరగా వదలకపోవడానికి ఇదొక కారణం.

వైరస్ పైన న్యూరామినిడేజ్ అనే ఎంజైము ఉంటుంది. కణాల మీద ఉండే సయాలిక్ ఆమ్లాన్ని కత్తిరించి, కొత్తగా పుట్టిన వైరస్‌ను విడిపించడం దాని పని. అలా కత్తిరించినప్పుడు న్యుమోనియా తెచ్చే న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియా పట్టుకునే తావులు బయటపడతాయి. రాలిన సయాలిక్ ఆమ్లం ఆ బ్యాక్టీరియాకు ఆహారంగా కూడా పనికొస్తుంది. ఫ్లూ మొదలైన 48 గంటల లోపల వైద్యులు రాసే ఒసెల్టామివిర్ మందు ఆపేది ఈ ఎంజైమునే. ముసలివారు, గర్భిణులు, షుగరు, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు మొదటి రోజున అడగవలసిన మందు ఏదైనా ఉందంటే అది ఇదే గాని అజిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్ కాదు.

దీనికంటే ఆశ్చర్యం కలిగించేది మన సొంత రక్షణ వ్యవస్థ తీరు. ఊపిరితిత్తి చివర ముప్పై కోట్లకు పైగా ఉండే గాలితిత్తుల్లో మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలు కాపలా తిరుగుతుంటాయి. నిద్రలో గొంతు నుంచి తెలియకుండా లోపలికి జారే కాసిని క్రిములను అవి చప్పుడు చేయకుండా మింగేస్తాయి; జ్వరం రాదు, వాపు రాదు, మనకు తెలియనే తెలియదు. ఫ్లూ సోకిన ఎలుకల్లో మొదటి వారం లోపల ఈ కణాల్లో చాలా భాగం నశించిపోతాయని పరిశోధనల్లో తేలింది. మిగిలినవైనా పని చేస్తాయా అంటే, వైరస్‌ను తరిమేందుకు వచ్చిన టి-కణాలు అనే తెల్లకణాలు వదిలే ఇంటర్‌ఫెరాన్-గామా అనే సంకేత ప్రోటీన్ వాటి చేతులు కట్టేస్తుంది. మాక్రోఫేజ్ బ్యాక్టీరియాను పట్టుకునేందుకు వాడే మార్కో అనే గ్రాహకాన్ని ఆ ఇంటర్‌ఫెరాన్ తగ్గించేస్తుందని 2008లో కీర్ సన్, డెన్నిస్ మెట్జ్‌గర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపించారు. వైరస్ సోకిన తొలి గంటల నుంచే తయారయ్యే మరో రకం ఇంటర్‌ఫెరాన్లు ఉన్నాయి. వాటిని 1957లో మొట్టమొదట గుర్తించింది కూడా ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌తో ప్రయోగాలు చేస్తుండగానే. వైరస్ విషయంలో ప్రాణాలు నిలిపే ఈ పదార్థాలే, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలను రమ్మని పిలిచే రసాయన సంకేతాలను అణచివేయడం వల్ల, ఆ సమయంలో దిగిన బ్యాక్టీరియాకు ఎదురులేకుండా పోతుంది.

దీన్ని శరీరం చేసిన తప్పు అనలేం. ఊపిరితిత్తి గోడ అతి పలచన. దాని గుండానే ప్రాణవాయువు రక్తంలోకి చేరాలి. వైరస్‌తో పోరాటం ముగిశాక కూడా వాపు అలాగే రగులుతూ ఉంటే మనిషి ఊపిరాడక పోతాడు. అందుకే పోరు సద్దుమణిగే దశలో శరీరం తన ఆవేశాన్ని తానే తగ్గించుకుంటుంది. సరిగ్గా ఆ రోజుల్లో, అంటే జ్వరం జారి మనిషి కోలుకున్నాడని ఇంట్లోవారు ఊపిరి పీల్చుకున్న రోజుల్లోనే, కాపలా అన్నిటికంటే పలచగా ఉంటుంది. ఆలస్యంగా పోగయ్యే న్యూట్రోఫిల్స్ మాత్రం గుంపులుగా వచ్చి, క్రిములతోపాటు ఊపిరితిత్తి కణజాలాన్ని కూడా దెబ్బతీస్తాయి. గాలి ఉండవలసిన చోట నీరు, చీము నిండుతాయి. మన పెద్దలు నెమ్ము చేరింది అనేది దీన్నే.

మన డెల్టాలో జరుగుతున్న తంతు ఇక్కడే ఈ కథలోకి వస్తుంది. పల్లెలో ఫ్లూ వచ్చిన మనిషికి మొదటి రోజున అందే మందులేమిటో ఎవరినడిగినా చెబుతారు: ఒక జ్వరం మాత్ర, ఒక జలుబు మాత్ర, మూడు అజిత్రోమైసిన్, లేదా ఐదు రోజుల సెఫిక్సిమ్. ఇంకాస్త నీరసంగా కనబడితే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షను, దానితోపాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఒకటి. మందుల షాపులో ఒక దృశ్యం గమనించండి. పది మాత్రల స్ట్రిప్పులోంచి కత్తెరతో మూడు కత్తిరించి, చిన్న కాగితం కవరులో వేసి, కవరు మీద ఉదయం ఒకటి, రాత్రి ఒకటి అని గీతలు గీసి ఇస్తారు. చీటీ లేకుండా వాడరాదని హెచ్చరించే ఎర్ర గీత ఆ స్ట్రిప్పుకు ఒక అంచున ఉంటుంది; అది చాలాసార్లు షాపులో మిగిలిపోయిన ముక్క మీద ఉండిపోతుంది. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ చెందిన మూడో తరం సెఫలోస్పోరిన్ల వంటి మందులకు 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్-1 నిబంధన ఉంది. రాసిన వైద్యుని పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారు అన్నవి ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టర్లను తెరిచి చూసే తీరిక తనిఖీ అధికారులకు ఎంతగా ఉందో మీ విలేకరులు ఒకసారి విచారిస్తే మంచి వార్త అవుతుంది.

ఆర్‌ఎంపీలను తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. వరదొచ్చి లంక గ్రామాలకు పడవ తప్ప దారి లేని రాత్రి జ్వరమొస్తే పలికేది వారే, ఆ మనిషి చేయి పట్టుకుని చూసేది వారే. కానీ వైరస్ జ్వరానికి యాంటీబయాటిక్ వేస్తే ముందు జాగ్రత్త అవుతుందన్న నమ్మకం మాత్రం నిలవదు. ఆ మందుకు ముక్కులోనూ గొంతులోనూ ఉండే మామూలు బ్యాక్టీరియాలో లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి ఆ చోటంతా ఆక్రమిస్తాయి. వారం తిరిగేసరికి కాపలా లేని ఊపిరితిత్తిలోకి జారేది ఆ మిగిలినవే. కోవిడ్ కాలంలో మన ఇళ్లలో అజిత్రోమైసిన్ ఎంతగా వాడామో అందరికీ తెలుసు. ఆ మందు కోవిడ్‌కు ఉపయోగపడదని బ్రిటన్‌లో జరిగిన రెండు పెద్ద ప్రయోగాలు 2021లోనే తేల్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్‌లను యాక్సెస్, వాచ్, రిజర్వ్ అని మూడు వర్గాలుగా విడదీసింది. అమాక్సిసిలిన్ మొదటి వర్గంలో ఉంటే, మనం జలుబుకు వాడే అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ మూడూ ఆచితూచి వాడవలసిన వాచ్ వర్గంలో ఉన్నాయి. డెక్సామెథసోన్ సంగతి మరీ ప్రమాదకరం. స్టెరాయిడ్ పడ్డాక జ్వరం దిగుతుంది, ఆకలి వేస్తుంది, సూదిమందు చేసినాయనకు పేరొస్తుంది. అసలే పలచబడిన కాపలా ఇంకా సన్నగిల్లుతుంది, షుగరున్నవారికి షుగరు ఎగబాకుతుంది.

లొంగని క్రిముల్లో ఫ్లూ తర్వాత ఎక్కువగా భయపడవలసినది స్టాఫిలోకాకస్ ఆరియస్ (క్లుప్తంగా స్టాఫ్) అనే బ్యాక్టీరియాలో, మెథిసిలిన్‌కు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ అనే రకానికి. ఆరోగ్యవంతుల్లో కూడా చాలామంది ముక్కులో స్టాఫ్ ఊరికే కాపురముంటుంది. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందులన్నీ బ్యాక్టీరియా గోడ కట్టే ప్రోటీన్లకు అతుక్కుని ఆ పని ఆపేస్తాయి. మెక్-ఏ అనే జన్యువున్న స్టాఫ్ ఆ మందులకు చిక్కని మరో ప్రోటీన్‌తో గోడ కట్టుకుపోతుంది. పెన్సిలిన్ జాతిదే అయిన మెథిసిలిన్ వాడుకలోకి వచ్చిన రెండేళ్లకే, 1961లో ఇంగ్లండులో ఈ రకం బయటపడింది. భారత వైద్య పరిశోధన మండలి ఆసుపత్రుల నెట్‌వర్క్ ఇటీవలి నివేదికల్లో, పరీక్షించిన స్టాఫ్ నమూనాల్లో నూటికి నలభైకి పైగా ఈ రకమే. దీని ముందు సెఫిక్సిమ్ మాత్రమే కాదు, ఖరీదైన సెఫ్ట్రియాక్సోన్ సూదులు పది వేసినా ఫలితం సున్నా. కొన్ని స్టాఫ్ రకాలు పీవీఎల్ అనే విషాన్ని కూడా వదులుతాయి; అది తెల్లకణాలను పగలగొట్టి ఊపిరితిత్తిని కుళ్లబెడుతుంది. ఫ్లూ వచ్చి తగ్గిన ఆరోగ్యవంతుడైన కుర్రాడు కళ్లెలో రక్తంతో, తెల్లకణాలు పెరగవలసింది పోయి తగ్గిపోయి, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తెచ్చుకునేది ఇలాంటి న్యుమోనియాలోనే. అలాంటివారికి వాంకోమైసిన్, లినెజోలిడ్ వంటి మందులు కావాలి. లినెజోలిడ్ మొండి క్షయకు కూడా అవసరమైన మందు. దాన్ని పుండ్లకూ పొక్కులకూ పంచిపెడితే రెండు జబ్బుల్లోనూ నష్టపోతాం. ఇక డాప్టోమైసిన్ అనే మందు రక్తంలో స్టాఫ్‌ను బ్రహ్మాండంగా చంపుతుంది గాని, గాలితిత్తుల్లో ఉండే సర్ఫాక్టెంట్ అనే పదార్థం దాన్ని పనిచేయనివ్వదు కాబట్టి న్యుమోనియాకు అది కొరగాదు. రిపోర్టులో లొంగుతుందని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదని, ఏ అవయవంలో అన్నది కూడా చూడాలని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇదంతా చదివి ఎవరూ యాంటీబయాటిక్‌లంటే భయపడి, నిజమైన న్యుమోనియాకు కూడా మందు ఆపకూడదు. ఆయాసంతో వచ్చిన రోగికి కల్చర్ రిపోర్టు వచ్చేదాకా మందు వేయకుండా కూర్చోమని ఏ వైద్యశాస్త్రమూ చెప్పదు. నమూనా ముందు, మందు వెంటనే. రిపోర్టు వచ్చాక మందు మార్చాలా, తగ్గించాలా అన్నది నిర్ణయం. ఆసుపత్రిలో చేరిన న్యుమోనియా రోగికి సెఫ్ట్రియాక్సోన్‌తోపాటు అజిత్రోమైసిన్ ఇవ్వడం కూడా సరైన పద్ధతే. ఫ్లూ తర్వాత న్యూమోకాకస్ సోకిన ఎలుకల్లో క్రిమిని పగలగొట్టి చంపే యాంపిసిలిన్ కంటే, దాని ప్రోటీన్ తయారీని ఆపే అజిత్రోమైసిన్, క్లిండామైసిన్ ఎక్కువ ప్రాణాలు కాపాడాయి. పగిలిన క్రిమి ముక్కలు ఊపిరితిత్తిలో వాపును రెచ్చగొట్టడమే తేడాకు కారణమని పరిశోధకులు భావించారు. అజిత్రోమైసిన్ మంచి మందు కనుకనే దాన్ని జలుబుకు తగలేయవద్దంటున్నాను.

కల్చర్ అంటే కోట్ల రూపాయల యంత్రమేదో కావాలని చాలామంది అనుకుంటారు. చేతితో చేసే పద్ధతికి అంత అవసరం లేదు. రోగి పొద్దున్నే నోరు పుక్కిలించి, లోపలి నుంచి దగ్గి తీసిన కళ్లె కావాలి, ఉమ్మి పనికిరాదు. దాన్ని గాజు పలక మీద రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూసి, తక్కువగా పెద్దది చేసి చూపే కటకంలో ఒక్కో చోట చీము కణాలు 25కు మించి, నోటి పొర కణాలు 10కి లోపు ఉంటేనే నమూనా మంచిదని తీసుకుంటాం. రక్తం కలిపిన అగార్ (క్రిములు పెరిగే జెల్లీ వంటి పదార్థం) పళ్లెం మీద రాత్రంతా పెరిగిన స్టాఫ్‌ను మరో పళ్లెం మీద పలచగా పరిచి, మందు నింపిన చిన్న కాగితం బిళ్లలను పెడతాం. మర్నాటికి బిళ్ల చుట్టూ క్రిమి పెరగని గుండ్రని జాగా ఏర్పడుతుంది. సెఫాక్సిటిన్ అనే యాంటీబయాటిక్ బిళ్ల చుట్టూ ఆ జాగా అడ్డుకొలత 22 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని ఉంటే మామూలు మందులు పనిచేస్తాయి. 21, అంతకంటే తక్కువైతే ఎంఆర్‌ఎస్‌ఏ. అక్కడ కావలసిన కొలసాధనం ఒక స్కేలు. అసలు కష్టం దూరం. కళ్లెను రెండు గంటల లోపల పళ్లెం మీదికి ఎక్కించాలి. న్యూమోకాకస్ బయట ఎక్కువసేపు బతకదు, తనను తానే కరిగించుకుంటుంది. సఖినేటిపల్లిలో తీసిన నమూనా పంటు దాటి, బస్సెక్కి, పెద్ద ఊరి ప్రయోగశాలకు చేరేసరికి అందులో పెరిగేది దారిలో ఎదిగిన పనికిరాని క్రిములు. అప్పుడు రిపోర్టులో ఏమీ పెరగలేదనో, పెరగకూడనిది పెరిగిందనో వస్తుంది. దాన్ని నమ్మి మందు మార్చేవారూ ఉన్నారు. అందుకే ఈ పరీక్ష రోగికి దగ్గరలోనే ఉండాలని అడుగుతున్నాను.

మందులకు లొంగని క్రిములు మనుషుల దగ్గరే పుడుతున్నాయని అనుకోవడానికీ వీలులేదు. డెల్టాలో వరిచేలకు తోడు రొయ్యల చెరువులు, కోళ్ల ఫారాలు ఉన్నాయి. రొయ్యకు వచ్చే తెల్లమచ్చ జబ్బు వైరస్‌దే. దానికి యాంటీబయాటిక్ చల్లితే చెరువులో చచ్చేది రొయ్య జబ్బు కాదు, మందుకు లొంగే బ్యాక్టీరియా; లొంగనివి మిగిలిపోతాయి. ఆ అలవాటు మానాలని ఎగుమతిదారులకు విదేశాల్లో సరుకు తిరగగొట్టడం వల్లనైనా కొంత తెలిసొచ్చింది. కోళ్లమేతలో, ఆక్వా మేతలో కోలిస్టిన్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది. ఆసుపత్రుల్లో చివరి అస్త్రంగా దాచుకున్న మందది. ఈ సందర్భంలో ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1895లో భీమవరంలో పుట్టి, రాజమహేంద్రవరంలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహిస్తుండగా, ఆ బృందంలోని బెంజమిన్ డుగ్గర్ మట్టి నమూనా నుంచి తీసిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ జాతికి అదే మొదటి మందు. ఆ ఏడాదే సుబ్బారావు గారు కన్నుమూశారు. కొద్దికాలానికే అదే మందు కలిపిన మేత తిన్న కోళ్లు త్వరగా ఎదుగుతాయని అదే సంస్థలో కనుక్కున్నారు. లోకమంతటా జబ్బులేని కోళ్లకు యాంటీబయాటిక్ తినిపించే వ్యాపారానికి అక్కడ ఊపు వచ్చింది. ఆయన విగ్రహానికి దండ వేసే మనం, ఆయన తరం సంపాదించిపెట్టిన మందులను మేతలో కలిపి ఖర్చు చేయడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

టీకాల గురించి క్లుప్తంగా చెబుతాను. న్యూమోకాకస్ టీకా పసిపిల్లలకు ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది. ఒక్క మోతాదు కూడా తప్పించవద్దు. ఫ్లూ టీకా ఆ జాబితాలో లేదు, ఏటా కొనుక్కుని వేయించుకోవాలి. అరవై దాటినవారు, షుగరు, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు వానలు పడకముందే, మే నెలలోనో జూన్ మొదట్లోనో వేయించుకుంటే మేలు. వృద్ధాశ్రమాలకైనా ప్రభుత్వం దీన్ని ఉచితంగా ఇస్తే ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

2021లో కొన్న ఆక్సిమీటరు చాలా ఇళ్లలో బీరువాలో పడి ఉంది. కొత్త బ్యాటరీ వేసి బయటికి తీయండి. ఫ్లూ తగ్గాక జ్వరం తిరగబెట్టినవారికి అందులో ప్రాణవాయువు శాతం చూపే అంకె 94 కంటే తగ్గినా, పెద్దవారు నిమిషానికి 30 సార్లు ఊపిరి తీస్తున్నా, ఏడాది దాటిన పిల్లలు 40 సార్లు, ఏడాది లోపువారు 50 సార్లు తీస్తున్నా, డొక్కలెగరేస్తున్నా, పెదవులు నీలం తిరిగినా, ముసలివారు మాట తడబడి మగతగా పడి ఉన్నా, షాపులో మాత్రలడిగే వేళ కాదది. 108కు ఫోను చేసే వేళ. రెండు నెలల లోపు పసికందుకైతే ఏ చిన్న తేడా వచ్చినా ఆగకూడదు.

2015 జూలైలో జరిగిన గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో వస్తున్నాయి. వానాకాలం, ఫ్లూ కాలం, దేశం నలుమూలల నుంచి వచ్చే జనం, తడిబట్టలు, కిక్కిరిసిన బస్సులు, రైళ్లు, సత్రాలు అన్నీ ఒకేచోట కలుస్తాయి. ఘాట్లకు, రోడ్లకు, దీపాలకు అంచనాలు వేసేటప్పుడు ఉభయ గోదావరి, కోనసీమ జిల్లాల ఏరియా ఆసుపత్రుల్లో ఒక్కో కల్చర్ గదికి, రక్తం కల్చర్ సీసాలకు, శిక్షణ పొందిన ఒక్కో టెక్నీషియనుకు కూడా ఆ అంచనాల్లో చోటివ్వాలని కలెక్టర్లను, వైద్య ఆరోగ్య శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఇప్పటికే పరీక్ష చేస్తున్న ఆసుపత్రులు ఏ నెలలో ఏ క్రిమి పెరిగింది, ఏ మందుకు ఎంత శాతం లొంగింది అన్న పట్టికను రోగుల పేర్లు లేకుండా బయటపెడితే, ఆర్‌ఎంపీ దగ్గర నుంచి ప్రైవేటు నర్సింగ్ హోము దాకా అందరికీ పనికొస్తుంది. అది చేతికందిన నెల మీ జిల్లా పేజీలో, డెంగీ లెక్కల పక్కన, నాలుగు వరుసల చోటు కేటాయించవలసిందిగా మనవి.

భవదీయుడు,
విశ్రాంత సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు,
పాలకొల్లు.